మామయ్య జీవితం ఒక్క పేజీలో రాయాలి: నాటకం ముందా, సీరియల్ ముందా?

పెన్నాతీరం
మా మామయ్యకు వచ్చే నెల నెల్లూరు టౌన్‌హాలులో సన్మానం చేస్తున్నారు. సన్మానపత్రం వెనుక అచ్చు వేయడానికి ఆయన జీవితాన్ని ఒక్క పేజీలో రాసిమ్మని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆయనది పొదిలి దగ్గర పల్లె. ఇరవై ఏళ్లు నిండకముందే ముఖానికి రంగు వేసుకుని, ముప్ఫై ఏళ్లకు పైగా పద్యనాటకాలు ఆడారు. హరిశ్చంద్రలో నక్షత్రకుడిగా మొదలై, తరువాత కాటి సీను హరిశ్చంద్రుడిగా స్థిరపడ్డారు. యాభై దాటాక హైదరాబాదు వెళ్లి నాలుగు డైలీ సీరియళ్లలో తాతగా, పురోహితుడిగా, వడ్డీకిచ్చే షావుకారుగా వేశారు. ఈ రోజు ఆయన బస్టాండులో నిలబడితే జనం గుర్తుపట్టేది షావుకారునే కాబట్టి, నేను పేజీలో సగానికి పైగా సీరియళ్లకే ఇచ్చి నాటకాలను నాలుగు వాక్యాల్లో ముగించాను.

ఆయన ఆ కాగితం చదివి నాతో ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే సీరియళ్ల పేరా మొత్తాన్ని పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, పక్క ఖాళీలో "హార్మోనిస్టుల పేర్లేవి?" అని రాసి ఉంది. పట్టుమని పదిమంది ఎరగని హార్మోనిస్టుల పేర్లు ఎందుకు కావాలో, అంతమంది చూసిన సీరియళ్లు ఎందుకు వద్దో నాకు అంతుపట్టలేదు. అడిగితే "నీ ఇష్టం" అంటున్నారు. మా ఇంట్లో ఆ మాటకు "నా ఇష్టం" అని అర్థం. ఈ పేజీ ఎలా రాయమంటారు?

ఒంగోలుగిత్త
మీరు రాసిన పద్ధతే సరైనదని నా అభిప్రాయం. ఆహ్వానపత్రం మీద టీవీ నటుడు అన్న మాట లేకపోతే టౌన్‌హాలులో ముందు వరసలు కూడా నిండవు. పెద్దవాళ్ల అలక ఒక పూట ఉంటుంది, కాఫీ ఇస్తే తగ్గుతుంది.

హార్మోనియంపెట్టె
పట్టుమని పదిమంది ఎరగని హార్మోనిస్టులు అన్నారు కనుక నేను జవాబు చెప్పక తప్పదు, ఎందుకంటే మా నాన్న అద్దంకి చుట్టుపక్కల నలభై ఏళ్లు నాటకాలకు హార్మోనియం వాయించారు.

తిరునాళ్లకో, శ్రీరామనవమికో ఊరివాళ్లు నాటకం పెట్టించుకున్నప్పుడు చాలాసార్లు ఒకే సమాజం మొత్తం కట్టగట్టుకుని రాదు. ఏజెంటు ఒక ఊరి నుంచి హరిశ్చంద్రుణ్ణి, ఇంకో ఊరి నుంచి చంద్రమతిని, మరో ఊరి నుంచి నక్షత్రకుణ్ణి మాట్లాడి తెస్తాడు. దీన్నే కాంబినేషన్ అంటారు. వీళ్లకు రిహార్సలు ఉండదు, కొందరైతే ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకునేది రంగు వేసుకునే చాప మీదే. హరిశ్చంద్రుడు కూడా ఒక్కడు కాదు. వారణాసి సీను దాకా ఒకరు వేస్తే, కాటి సీనుకు మరొకరు దిగుతారు. ఇలా నాలుగు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను తెల్లవారేదాకా ఒక్క తాటి మీద నడిపేది స్టేజీ పక్కన కాళ్లతో పెట్టె తొక్కుతూ కూర్చునే హార్మోనిస్టు. ఎవరిది ఏ శ్రుతి, ఎవరు ఏ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటారు, ఎవరికి ఆలాపన మధ్యలో ఊపిరి చాలదు, ఎవరు వన్స్‌మోర్ కోసం చివరి పాదాన్ని కావాలని సాగదీస్తారు అన్నవన్నీ ఆయనకు కంఠస్థమై ఉండాలి. మాట మరిచిపోతే తెర వెనుక నుంచి ప్రాంప్టరు అందిస్తాడు గానీ, గొంతు జారితే అందుకునేది పెట్టె ఒక్కటే.

మీ మామయ్య కాటి సీను వేసేవారన్నారు. అది వచ్చేసరికి తెల్లవారుజాము మూడు అవుతుంది. అప్పటికి సగం జనం దుప్పట్లు కప్పుకుని నేల మీదే నిద్రపోతుంటారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోకి మన పక్క వినుకొండలో పుట్టిన జాషువా గారి శ్మశాన పద్యాలను నటులు తెచ్చి కలుపుకున్నది ఆ సీనులోనే, పడుకున్న ఊరిని లేపి కూర్చోబెట్టింది కూడా ఆ పద్యాలే. ఆ వేళప్పుడు ఎండిపోయిన గొంతుతో పాడే మనిషికి పెట్టె మీద ఉన్నది ఎవరన్నది చిన్న విషయం కాదు. ఆయన ఏ శ్రుతిలో పాడేవారో అడిగి చెప్పండి. అది తెలిస్తే ఆయనకు వాయించినవాళ్లు ఎవరో మా నాన్న చెప్పగలరు.

పొదిలిబస్సు
ప్రకాశం జిల్లా నటుడు అని మాత్రం తొందరపడి రాయకండి. ఆయన పుట్టేనాటికి పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. మా ఊరు అంగుళం కూడా కదలకుండానే జిల్లా మారింది. కాబట్టి నెల్లూరువాళ్లు మావాడే అని సన్మానం చేయడంలో తప్పేమీ లేదు, శాలువా ఖర్చు వాళ్లదే కనుక మేమూ అభ్యంతరం చెప్పము.

రంగనాయకులపేట
ఒంగోలుగిత్త గారు మా టౌన్‌హాలును తక్కువ అంచనా వేశారు. రేబాల లక్ష్మీనరసారెడ్డి గారి పేరుతో ఉన్న ఆ పురమందిరంలో పద్యం బాగుంటే చప్పట్లు, బాగాలేకపోతే దగ్గులు వినిపించేవని మా తాత చెప్పేవారు.

అసలు ప్రశ్నకు వస్తే, నెల్లూరు నుంచి మద్రాసు దగ్గర కావడం వల్ల మన నటులను వెండితెర చాలా ముందే ఎత్తుకుపోయింది. రాజనాల గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ ఇక్కడ నాటకాలు ఆడినవారే. రమణారెడ్డి గారు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూ రంగస్థలం మీద నవ్వించినవారే. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ గారిని ఇప్పుడు అందరూ పాటల కవిగానే ఎరుగుదురు, అంతకు ముందు ఆయన రాసిన నాటకాల ఊసు ఎవరూ ఎత్తరు. తరువాత వచ్చిన కీర్తి ముందరి బతుకును ఇలాగే కప్పేస్తుంది. పెన్నాతీరం గారు తెలియకుండానే అదే పని చేశారు.

అయితే దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. నాగభూషణం గారు సినిమాల్లో ఎంత పెద్ద ప్రతినాయకుడైనా, ఊరూరా తిప్పిన నాటకం పేరే ఆయనకు ఇంటిపేరైంది. రక్తకన్నీరు నాగభూషణం అంటేనే జనానికి తెలిసేది. సురభివాళ్లైతే కడప జిల్లాలో 1885లో మొదటి నాటకం ఆడిన ఊరి పేరునే తరతరాలుగా పేరు ముందు పెట్టుకుంటున్నారు. నాటకం పేజీలో వెనుకబడాలన్న రూలు ఎక్కడా లేదు.

లెక్కలమాష్టారు
మీ చిత్తుప్రతిని పోస్టు చేయలేదు గానీ, అందులో లక్షలమంది చూశారు అన్న మాట ఉండే ఉంటుంది. ఉంటే తీసేయండి, ఎవరూ లెక్కపెట్టలేదు. ముందు ఇంట్లో ఉన్న కాగితాలు బయటికి తీయండి. నాటకాల కరపత్రాల్లో ఊరు, తేదీ, పాత్రధారి పేరు, అడుగున హార్మోనియం ఎవరన్నది తప్పకుండా అచ్చయి ఉంటాయి. సగం పేజీ వాటి నుంచే వస్తుంది.

ఇంకొక సంగతి ఏమిటంటే, ఆయన రేడియోలో ఎప్పుడైనా పాడారేమో అడగండి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది, మన రెండు జిల్లాల పద్యనటులకు అదే పెద్ద గుమ్మం. అక్కడ నాటక కళాకారులను ఆడిషన్ చేసి గ్రేడు ఇస్తారు. ఆయనకు గ్రేడు ఉంటే దాన్ని మొదటి పేరాలోనే రాయాలి, ఎందుకంటే గొంతుకు ప్రభుత్వం ఇచ్చిన కాగితం అది ఒక్కటే.

టీవీని మాత్రం పూర్తిగా తీసేయడం చరిత్రకు అన్యాయం. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది, ఈటీవీ 1995 ఆగస్టు 27న వచ్చింది. ప్రైవేటు ఛానళ్లు వచ్చాక రోజుకొక భాగం చొప్పున సీరియళ్లు తీయవలసి వచ్చి, పేజీలకు పేజీల సంభాషణను తడబడకుండా చెప్పగలిగే పెద్ద వయసు నటులు కావలసివచ్చారు. అలాంటివాళ్లు దొరికింది నాటకాల్లోనే. మీ మామయ్యను టీవీకి పంపింది ఆయన నాటకమే, కనుక రెండూ ఒకే కథ.

కావలిసుధ
మాష్టారు గారి మాటతో ఏకీభవిస్తూనే, టీవీ పనిని చిన్నచూపు చూసే ధోరణి మీద నాకు కోపం ఉంది. మా అక్క పన్నెండేళ్లుగా సీరియళ్లలో అత్త వేషాలు వేస్తోంది. రాత్రి కావలిలో సింహపురి ఎక్కి, తెల్లవారి సికింద్రాబాదులో దిగి, సంచీతో నేరుగా షూటింగ్ ఇంటికి వెళ్తుంది. పొద్దున ఏడింటికి మేకప్ మొదలైతే రాత్రి తొమ్మిదికి వదులుతారు. అద్దెకు తీసుకున్న హాలులో జరిగే సీన్లన్నీ, అవి ఏ భాగంలో వచ్చేవైనా సరే, ఒకేరోజు వరసగా తీసేస్తారు. ఉదయం పదింటికి కొడుకు పెళ్లికి నవ్వి, పదకొండింటికి అదే సోఫాలో అదే కొడుకు కోసం ఏడ్చి, మధ్యలో చీర మార్చుకోవాలి. నాటకంలో దుఃఖం రాత్రంతా పెరుగుతూ వచ్చి కాటి సీనులో పండుతుంది. ఇక్కడ ఏ ఆనుపానూ లేకుండా పిలిచిన క్షణంలో రావాలి. ఇది కూడా విద్యే. మా ఇంటి అప్పు తీరింది, ఇద్దరు పిల్లల చదువులు నడిచింది ఈ విద్య మీదే.

అది సరే, నాకు ఒక అనుమానం ఉంది. సీరియళ్లలో ఆయన డబ్బింగ్ ఆయనే చెప్పుకున్నారా?

పెన్నాతీరం
సుధ గారి ప్రశ్న చూశాక రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే అడిగాను. మామయ్య అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపి, చాలాసేపు మాట్లాడారు. ఇన్నేళ్లలో నాకు తెలియని సంగతి ఇది.

మొదటి సీరియల్లో ఆయన స్టేజీ మీద పలికినట్టే చివరి వరసకు వినపడేలా పలికితే, దర్శకుడు నవ్వి, ఇక్కడ చివరి వరస లేదు పెద్దాయనా, కెమెరా మూరెడు దూరంలోనే ఉంది అన్నాడట. మూడు రోజుల్లో గొంతు దించుకోవడం, కనుబొమలు తగ్గించుకోవడం నేర్చుకున్నారు. అసిస్టెంటు పక్క నుంచి లైను మొత్తం గట్టిగా చదివితే అది విని తిరిగి చెప్పాలి. ఆయన ప్రాంప్టరు దగ్గర మొదటి మాట మాత్రమే అందుకున్న మనిషి కనుక అదీ కొత్తగానే ఉండేది, అయినా అలవాటు చేసుకున్నారు. షావుకారు వేషం మొదటిసారి ప్రసారమైన రోజున వాళ్ల వసారాలోకి వీధి వీధంతా వచ్చింది. తెర మీద ఆయన నోరు తెరిచారు, వేరే ఎవరిదో గొంతు వచ్చింది. అత్తయ్య "ఇదేంది, మీ గొంతు కాదే" అని పైకే అనేసిందట. ఆయన చెప్పు వేసుకుని బయటికి వెళ్లి, అందరూ పోయాక ఇంటికి వచ్చారు.

డబ్బింగ్ షూటింగ్ రోజున ఉండదు, మరో రోజు పెడతారు. పావుగంట పనికి పొదిలి నుంచి ఒంగోలు దాకా బస్సు, అక్కడి నుంచి రాత్రి రైలు, మళ్లీ తిరుగు రైలు అంటే ఆ ఖర్చు ఎవరూ ఇవ్వరు. అందుకని హైదరాబాదులోనే ఉన్న మరొకరితో చెప్పించి ముగించారు. ఆయనకు ముందుగా ఒక మాట కూడా చెప్పలేదు. నాలుగు సీరియళ్లలో మూడింటికి ఇదే జరిగింది. పురోహితుడి వేషానికి మాత్రం, శ్లోకాలున్నాయి కనుక నేనే చెప్తానని పట్టుబట్టి, సొంత డబ్బులతో వెళ్లి చెప్పివచ్చారు.

ఆయన మాట ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "ఆ షావుకారు నోరు కదిపింది నేను, మాట్టాడింది ఇంకెవరో. నా గొంతు లేని వేషాన్ని నా బతుకని ఎట్టా రాస్తావురా?"

ఒంగోలుగిత్త
కాఫీతో తగ్గే అలక అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక సందేహం మిగిలింది. సినిమాల్లో ఎంతోమంది పెద్ద తారలకు వేరేవాళ్లు గొంతు ఇచ్చారు, వాళ్ల నటన వాళ్లది కాదని మనం అనడం లేదు కదా.

హార్మోనియంపెట్టె
తార అందానికి తార అయితే గొంతు అరువు తెచ్చుకున్నా చెల్లుతుంది. పద్యనటుడి ఆస్తి గొంతు ఒక్కటే. కిరీటం, మీసం, పట్టుపంచె అన్నీ డ్రెస్ కంపెనీ నుంచి అద్దెకు వచ్చేవే.

కావలిసుధ
నేను అనుమానించింది ఇదే. మా అక్కకు కూడా మొదటి రెండేళ్లు వేరే ఆవిడ చెప్పింది. ఆ ఆవిడను ఒకసారి కలిశాను. రోజుకు నాలుగు సీరియళ్లలో నలుగురు అత్తలకు గొంతు ఇస్తుంది, వీధిలో ఒక్కరు కూడా ఆమెను గుర్తుపట్టరు. ఆమె జీవితం రాస్తే ముఖాలన్నీ కొట్టేసుకుంటుందేమో. ఎవరి కష్టం వారిది అనే అంటాను గానీ, ముందుగా చెప్పకపోవడం మాత్రం తప్పే.

పొదిలిబస్సు
ఆ షావుకారు వేషానికి పారితోషికం మొత్తం అందిందా అన్నది ఎవరూ అడగలేదు.

పెన్నాతీరం
అందలేదు. చివరి పదకొండు రోజుల డబ్బు ఇప్పటికీ రావాలి. రోజుకు ఇంత అని లెక్క, సీరియల్ ఆగిపోయాక ఫోను ఎత్తేవాళ్లు లేరు. వేషాన్ని ముగించిన తీరు కూడా ఆయనకు చెప్పలేదు, ఒక సోమవారం నాటి భాగంలో గోడ మీద ఆయన ఫోటోకు దండ వేసి ఉంది. అత్తయ్య ఆ రోజు టీవీ కట్టేసి ఆయనకు దిష్టి తీసింది.

పొదిలిబస్సు
పదేళ్లు నక్షత్రకుడు వేసి హరిశ్చంద్రుడి దగ్గర ముక్కుపిండి వసూలు చేసిన మనిషి, సొంత బాకీ పదకొండు రోజులది రాబట్టలేకపోయాడు. విశ్వామిత్రుడికి తెలిస్తే ఉద్యోగం పోయేది.

లెక్కలమాష్టారు
పొదిలిబస్సు గారి హాస్యానికి నవ్వాను గానీ, ఆ బాకీని పేజీలో ప్రస్తావించకండి. సన్మానసభ వసూళ్ల సభ కాకూడదు. రేడియో సంగతి ఇంకా తేల్చలేదు మీరు.

పెన్నాతీరం
తేలింది. ట్రంకుపెట్టె అడుగున ఆకాశవాణి కాంట్రాక్టు కాగితాలు రెండు, కరపత్రాలు నలభై రెండు దొరికాయి. గ్రేడు 'బి' అని ఉంది. "బి హై కోసం మళ్లీ ఆడిషనుకు పోదామనుకునేలోగా మీ అమ్మ పెళ్లి వచ్చిపడింది" అన్నారు, కనుక ఆ లోటులో మా కుటుంబానికి కూడా వాటా ఉంది. కరపత్రాల్లో కొన్నింటిని చెదలు తిన్నాయి. హార్మోనియం అన్న మాట ఉండి పేరు ఉన్న చోట చిల్లు ఉన్నవి ఆరు లెక్కపెట్టాను. మిగిలిన వాటిలో ముగ్గురి పేర్లు పదేపదే వస్తున్నాయి. ఒకరు అద్దంకి ఆయన. హార్మోనియంపెట్టె గారూ, ఇక్కడ పేరు రాయడం బాగుండదు కనుక మీకు విడిగా పంపాను, చూడండి. శ్రుతి అడిగితే మామయ్య ఏ మాత్రం తడుముకోకుండా "అయిదు" అన్నారు.

రంగనాయకులపేట
శ్రుతి అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి పోవాలి, అయిదు శ్రుతిలో తెల్లవారుజామున కాటి సీను అంటే అది మాటలు కాదు. ఆ ఒక్క ముక్క పేజీలో ఉంటే చాలు, టౌన్‌హాలులో పాతవాళ్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు.

హార్మోనియంపెట్టె
మీరు పంపిన పేరు మా నాన్నదే. కరపత్రం ఫోటోను పెద్దది చేసి చూపిస్తే, పేరు కంటే ముందు ఊరిని గుర్తుపట్టారు. ఆ రాత్రి వాన వచ్చి, జనం గోతాలు కప్పుకుని కూర్చున్నారట గానీ లేవలేదట. మీ మామయ్యకు కాటి సీనుకు ముందు మిరియాల కషాయం తాగే అలవాటు ఉందా అని అడగమన్నారు. ఆ గ్లాసును ప్రతిసారీ మా హార్మోనియం పైచెక్క మీదే పెట్టేవారట. పాలిష్ మీద గుండ్రటి తెల్ల మరక ఇప్పటికీ ఉంది, మా నాన్న దాన్ని చూపించి తిట్టారు. చిన్నప్పటి నుంచి ఆ మరక నేను చేసిందేనని మా అమ్మ అనుకుంటూ వచ్చింది, ఈ రోజుకు నా మీద ఆ నేరం కొట్టేశారు.

ఒంగోలుగిత్త
ఇక ఆయనను కూడా టౌన్‌హాలుకు తీసుకురండి. ముందు వరసలు నిండవని అన్నది నేనే కాబట్టి, ఒంగోలు నుంచి మా ఇంటివాళ్లం ఆరుగురం వచ్చి కూర్చుంటాము.

పెన్నాతీరం
పేజీ మళ్లీ రాశాను. మొదటి పేరాలో ఊరు, నక్షత్రకుడు, కాటి సీను, ఆకాశవాణి గ్రేడు ఉన్నాయి. రెండో పేరాలో ముగ్గురు హార్మోనిస్టుల పేర్లు, వాళ్ల ఊళ్లు ఉన్నాయి. మూడో పేరాలో టీవీ గురించి రెండు వాక్యాలు ఉన్నాయి: నాలుగు సీరియళ్లలో నటించారని, అందులో పురోహితుడి పాత్రకు స్వయంగా గాత్రం ఇచ్చారని. ఈసారి మామయ్య పెన్సిలు తీసుకోలేదు, కళ్లద్దాలు మాత్రం రెండుసార్లు తుడుచుకున్నారు. కషాయం నిజమేనని, మరక మాత్రం టీ గ్లాసుదని, ఆ టీ తాగింది వారణాసి సీను హరిశ్చంద్రుడని చెప్పమన్నారు. రంగనాయకులపేట గారి సలహా ప్రకారం అయిదు శ్రుతి మాట కూడా చేర్చాను.

హార్మోనియంపెట్టె
మా నాన్నకు మీ పేజీ మొత్తం చదివి వినిపించాను. తన పేరు వచ్చినప్పుడు ఏమీ అనలేదు. శ్రుతి దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చుని, అయిదు అన్నది తప్పు అన్నారు. రెండో ఏడాది నుంచి మీ మామయ్యకు తెల్లవారుజామున పై షడ్జమం, అంటే పై 'స', అందడం లేదని గమనించి, చెప్పకుండా నాలుగున్నరకు దించి వాయించేవారట. అడిగినప్పుడల్లా అయిదేనని చెప్పారట.

పెన్నాతీరం
ఈ మాట మామయ్యకు ఇంకా చెప్పలేదు. పేజీ అచ్చుకు వెళ్లేది శుక్రవారం. ప్రస్తుతానికి శ్రుతి అంకెను తీసేసి, అక్కడ ఖాళీ వదిలాను.